శరాభ్యాసమును మృగయయు: పోదనదేశపు దృష్టాంతములు

అమరసింహుఁడు నామలింగానుశాసనమునందలి క్షత్రియవర్గమున, బాణములను వేయు నభ్యాసమునకు "ఉపాసనము" అను పేరు చెప్పియున్నాఁడు. దేవతాసేవకును గురుసేవకును వాడఁబడు శబ్దమే విల్లు పట్టినవాని దినదినశ్రమకును వర్తించుట గమనింపఁదగినది. ఆ వర్గముననే గుఱి తప్పిన విలుకానికి "అపరాద్ధపృషత్కుఁడు" అనియు, చేయి కుదిరినవానికి "కృతహస్తుఁడు" అనియుఁ బేళ్లు గలవు. అమరమును వల్లించు బాలునకును ఈ మూఁడు మాటలు పరిచితములే. కాని చేయి చక్కఁగాఁ గుదిరి, బాణము గుఱి తప్పకపోయి, వేయఁదగని దానిని వేసినవానికిఁ బేరేమి? అట్టివానికి ఆ వర్గమునఁ బేరు కానరాదు. ఇతిహాసములలోనైతే అట్టివారు ముగ్గురు కలరు. నాలవవాఁడు తెలుఁగుదేశపు టుత్తరభాగమున, పోదనమునుండి ప్రభవించిన రాజవంశము నాశ్రయించిన కవి వ్రాసిన కావ్యమునఁ గలఁడు. కఠినలక్ష్యాభ్యాసమునకును వేఁటకును గల సంబంధ మెట్టిదో, ఆ యభ్యాస మెంతవఱకు వేఁటకానికిఁ దోడ్పడునో, ఎచ్చట వానిని మోసగించునో ఈ నలువురి కథలవలనఁ దెలియవచ్చును.

పోదనదేశము

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరునుండి నిర్మలకుఁ బోవు రాజమార్గమున ముప్కాల్ గ్రామము కలదు. ఇది 2016లో మండలకేంద్ర మయ్యెను. దీని కుత్తరమున గోదావరియు, నదికి ఆవల నిర్మల ప్రాంతపుఁ గొండలు నడవులు నున్నవి. జిల్లాకుఁ బడమటి భాగమున బోధన పట్టణము కలదు. దీనినే ప్రాచీనమైన పోదనముగా, అశ్మకజనపదమునకు రాజధానిగాఁ బండితులు గుర్తించిరి. పాలిగ్రంథములు అస్సకమును గోదావరీతీరమునఁ జెప్పుచున్నవి. జైనపురాణములు బాహుబలి యేలిన పౌదనపురమును గీర్తించుచున్నవి.

చారిత్రకకాలమున నీ పట్టణమును వేములవాడ చాళుక్యులతో ముడివెట్టు సాక్ష్యము స్పష్టముగా నున్నది. సపాదలక్షదేశమునేలిన యుద్ధమల్లుఁడు పోదనమునఁ దైలముతో నింపిన దీర్ఘికలో నేనుఁగులకు స్నానము చేయించెనని ఆ వంశపుఁ బ్రశస్తి చెప్పుచున్నది. ఆ వంశజుఁడైన రెండవ యరికేసరి కొలువున పంపకవి 941లో విక్రమార్జునవిజయమును రచించెను. కన్నడమున వెలసిన యీ కావ్యమున నరికేసరియే అర్జునుఁడుగా రూపింపఁబడెను. పంపని పూర్వులు వేంగిదేశీయులు. ఆయన తమ్ముఁడు జినవల్లభుఁడు వేయించిన కుర్క్యాల శాసనమునఁ దెలుఁగు కందపద్యములు గలవు. అనఁగా నీ కొలువునకు విలువిద్యయందు నుత్తమోత్తముఁడైన పాండవమధ్యముఁడే ఆదర్శపురుషుఁ డయ్యెను.

ఆ వంశముననే అరికేసరి కుమారుని కాలమున జైనాచార్యుఁడగు సోమదేవసూరి గంగాధరమున 959లో యశస్తిలకచంపువును ముగించెను. 966 నాఁటి పర్భణీ తామ్రశాసనము మూఁడవ యరికేసరి యా యాచార్యునకు గ్రామదానము చేసినట్లు తెలుపుచున్నది. పదునెనిమిది సంవత్సరముల వ్యవధిలో, ఒకే వంశపు నీడను, ఒక కవి విల్లుపట్టిన వీరుని గొనియాడఁగా వేఱొక కవి బాణపుదెబ్బ తిన్న ప్రాణిపక్షమున నిలిచి కథ చెప్పెను. ఈ రెండు గ్రంథములను జేర్చి చదువువారికిఁ బ్రస్తుతవిషయము సంపూర్ణముగాఁ దోఁచును.

ధనుర్వేదమునఁ జెప్పఁబడిన లక్ష్యభేదములు

ధనుర్వేదవిషయ మగ్నిపురాణముననే కాక, వసిష్ఠుని పేరఁ జెల్లుచున్న ధనుర్వేదసంహితలోను, 1363లో సంగ్రహింపఁబడిన శార్ఙ్గధరపద్ధతిలోను లభించుచున్నది. ఇవి ఇతిహాసములకంటె నర్వాచీనములైనను, చిరకాలమునుండి గురుశిష్యపరంపరగా వచ్చిన యభ్యాసక్రమమునే తెలుపుచున్నవని చెప్పుట కభ్యంతరము లేదు.

వీనియందు లక్ష్యము నాలుగు విధములుగా విభజింపఁబడినది. విలుకాఁడును గుఱియును గదలనిది స్థిరము. విలుకాఁడు నిలిచియుండఁగా గుఱి కదలునది చలము. గుఱి నిలిచియుండఁగా విలుకాఁడు కదలునది చలాచలము. ఇరువురును గదలునది ద్వయచలము. శిష్యుఁడు వీనిని గ్రమముగా సాధింపవలెను. కడపటిది శ్రమచేతనే సాధ్యమని గ్రంథకర్తలు ప్రత్యేకముగా హెచ్చరించిరి. దూరము విషయమున 60 ధనుస్సుల లక్ష్యము జ్యేష్ఠమనియు, 40 మధ్యమమనియు, 20 కనిష్ఠమనియు నియమము. ధనుస్సునకు నాలుగు మూరలు గాన, ఇవి వరుసగా సుమారు 120, 80, 40 గజము లగును. ఉదయాస్తమయములందు 400 బాణములు వేయువాఁడు విలుకాండ్రలో శ్రేష్ఠుఁడు, 300 వేయువాఁడు మధ్యముఁడు, 200 వేయువాఁడు కనిష్ఠుఁడు. ఇట్టి శ్రమ కుపాసనమను పేరు తగియే యున్నది.

ఈ విభాగము కేవలము శాస్త్రకారుల సంఖ్యాకౌతుకము కాదు. చలలక్ష్యమునందలి కష్టము లెక్కవేసినఁ దెలియఁగలదు. బాణము సెకండునకు 50 మీటర్లు పోవుననుకొందము. 20 ధనుస్సుల దూరము, అనఁగా సుమారు 36 మీటర్లు, దాఁటుటకు దానికి ముక్కాలు సెకండు పట్టును. సెకండునకు 10 మీటర్ల చొప్పునఁ బరుగిడు జింక ఆ లోపల 7 మీటర్లు ముందునకుఁ బోవును. కావునఁ గనఁబడుచున్న జింకను గుఱిచూచి విడిచిన బాణము జింక యిదివఱ కున్నచోటఁ బడును. విలుకాఁడు లేనిచోట గుఱిపెట్టి, జింక యచ్చటికి వచ్చునట్లు కాలమును గొలువవలెను. ఈ కొలత మాటలతో నేర్పునది కాదు. పలుమాఱు వేసి, పలుమాఱు తప్పి, చేతికిఁ దెలియవలసినది. కొండవాలునఁ బైకిఁగాని క్రిందికిఁగాని వేయునప్పుడు, కంటికిఁ గనఁబడు ఏటవాలు దూరమును బట్టి గుఱిచూచినచో, రెండు పట్లను బాణము పైగాఁ బోవును. సమతలపు దూరమునే లెక్కకుఁ గొనవలెను. నీటిలోని ప్రాణి యున్నచోటికంటెఁ బైగాఁ గనఁబడును గావునఁ గనఁబడినదానికంటెఁ దిగువకు వేయవలెను. అడవియందు మృగము ఈ చిక్కులన్నిటిని నొక్కసారిగాఁ గల్పించును. అందుచేతనే వానిని ముందుగా నొక్కొక్కటిగా విడఁదీసి నేర్పిరి.

ఈ సంగ్రహములలోఁ జెప్పఁబడిన దుష్కరకర్మములలో శబ్దవేధ మొకటి. దాని యభ్యాసక్రమము చెప్పిన తీరు మిక్కిలి సూక్ష్మమైనది. గుఱియుండుచోటఁ గంచుపాత్ర నుంచి, యొకఁడు దానిని గులకఱాళ్లతోఁ గొట్టవలెను. శబ్దము పుట్టినచోటును విలుకాఁడు చెవియు మనస్సును గూర్చి నిశ్చయించుకొనవలెను. మరల శబ్దము చేయించి నిశ్చయమును సరిచూచుకొనవలెను. దినదినమును పాత్రను గొంచెము కొంచెముగా దూరమునకు జరుపుచుఁ జీఁకటిలో నభ్యసింపవలెను. ఈ కంచుపాత్రను బాఠకులు జ్ఞప్తియందుంచుకొనఁదగును. దానితోఁ బని ముందు గలదు.

భారతమునందలి పరీక్షలు

ఆదిపర్వమున ద్రోణశిష్యుల విద్యాభ్యాసమునుగూర్చి చెప్పఁబడిన వృత్తాంతములను వరుసగాఁ జూచినచోఁ బై శాస్త్రక్రమ మంతయు వానియందుఁ గథారూపమునఁ గలదు. గాలికి దీపమాఱిపోఁగా నర్జునుఁడు చీఁకటిలోనే భుజించుచు, అలవాటుచేతనే చేయి నోటికిఁ బోవుచున్నదని గ్రహించి, రాత్రులయందు విల్లు పట్టసాగెను. నారిమ్రోఁత విని ద్రోణుఁడు వచ్చి కౌఁగిలించుకొనెను. ఇది కంటిపై నాధారపడని యభ్యాసము.

పిమ్మట ద్రోణుఁడు శిల్పులచేఁ జేయించిన కృత్రిమపక్షిని జెట్టుకొమ్మపై నిలిపి, శిష్యుల నొక్కొక్కరిని బిలిచి యేమి కనఁబడుచున్నదని యడిగెను. ధర్మరాజు మొదలగువారు పక్షిని, చెట్టును, గురువును, సోదరులను గనుచున్నామనిరి. అర్జునునకుఁ బక్షితల మాత్రమే కనఁబడెను. ఇది స్థిరలక్ష్యము. ఇందలి కష్టము చేతిది కాదు, చూపుది. తరువాత గంగాస్నానమున ద్రోణుని మొసలి పట్టఁగా, తక్కిన శిష్యులు దిగ్భ్రమఁ జెంది నిలువఁబడిరి. నీట మునిఁగియున్న యా మొసలి నర్జునుఁ డైదు బాణములఁ జంపెను. కొయ్యపిట్టపై నేర్చిన యేకాగ్రత నీటిలోఁ గదలు మృగముపై, గురువు తొడ దాని నోటనుండఁగా, ఫలించెను. సాధనకును సంకటమునకును నడిమి సంబంధ మింత స్పష్టముగాఁ జూపిన కథ మఱియొకటి యరుదు. మొదటిదానిలోఁ దక్కిన దేదియుఁ జూడకుండుట గుణము. రెండవదానిలో నట్లు కాదు. గురువు దేహము మొసలిదేహముతోఁ బెనవేసికొనియుండఁగా, ఏది వేయవలెనో యేది వేయరాదో రెండును గనవలెను.

మత్స్యయంత్రమును గూర్చి యొకమాట. క్రిందనున్న నీటిలోఁ బ్రతిబింబమును జూచుచుఁ బైనున్న చేఁపను గొట్టుట లోకప్రసిద్ధమైన కథ. భాండార్కర్ సంస్థవారు పరిష్కరించిన ప్రతిలో మాత్రము ద్రుపదుఁ డాకాశమున నొక కృత్రిమయంత్రమును, దానితోఁ గూడ బంగారుగుఱిని నేర్పఱచెనని కలదు గాని, చేఁపయుఁ బ్రతిబింబమును లేవు. కాలక్రమమునఁ గథ చెప్పువారు పరీక్షను మఱింత కఠినముగాఁ బెంచిరి. వేసిన గుఱి యెంత కష్టమైనదైన వేసినవాఁ డంత గొప్పవాఁడన్న లోకాభిప్రాయమే యిందులకుఁ గారణము. ఈ యభిప్రాయము గ్రీకుల పురాణగాథలలోను గలదు. హోమరుని ఇలియడ్ కావ్యపు 23వ సర్గలో ఓడస్తంభమునకుఁ గట్టిన పావురమునకు గుఱిపెట్టఁగా నొకఁడు త్రాఁటిని దెంచెను, వేఱొకఁ డెగిరిపోవుచున్న పక్షిని గొట్టెను. ఒడిస్సీ కావ్యమునఁ బండ్రెండు గొడ్డండ్రనడుమనుండి బాణమును దూర్చుట పరీక్ష. ఐరోపాఖండమున మధ్యయుగములందు స్తంభాగ్రమునఁ గొయ్యచిలుకను నిలిపి కొట్టు నుత్సవములు జరిగెడివి. ద్రోణుని కొయ్యపిట్ట యొంటరిది కాదు.

మృగయాగుణదోషములు

ఇట్లు నేర్చిన విద్య కుపయోగస్థానముగా రాజులు వేఁట నెన్నుకొనిరి. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున మృగయను గామజవ్యసనములలోఁ జేర్చియు, జూదముకంటె నది మేలని వాదించెను. దేహమునకు వ్యాయామము, శ్లేష్మపిత్తమేదస్సుల తఱుగుదల, స్థిరచలలక్ష్యములయం దభ్యాసము, కోపభయములందు మృగముల చిత్తజ్ఞానము దానివలనఁ గలుగునని యాయన మతము. కాళిదాసు శాకుంతలమున సేనాపతిచేతను, రఘువంశ నవమసర్గమునను నించుమించుగా నీ గుణములనే చెప్పించెను. కల్యాణి చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమునందలి వినోదవింశతిలో శస్త్రవినోదమును మృగవినోదమును వేర్వేఱు ప్రకరణములుగా నిలిపెను. రాజసభలో విల్లునేర్పును బ్రదర్శించుట యొకటి, అడవిలో మృగమును వేయుట యింకొకటి. తెలంగాణపు బహుభాగ మప్పుడు కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను గాన, నిజామాబాదు ప్రాంతపు సామంతులకును నీ రాజభోగవిధానము పరాయిది గాదు.

కౌటిల్యుఁడు చెప్పిన గుణములలో "మృగముల చిత్తజ్ఞానము" అనునది విశేషముగా విచారింపఁదగినది. తక్కిన గుణములు వేఁటకానికి సంబంధించినవి. ఇది యొక్కటే యెదుటిప్రాణికి సంబంధించినది. కంచుపాత్రకుఁ జిత్తము లేదు. కొయ్యపిట్టకు భయము లేదు. అభ్యాసభూమిలో నలవడని జ్ఞాన మొకటి కలదని, అది లేనిదే వేఁట వేఁట కాదని కౌటిల్యుని యభిప్రాయముగాఁ గ్రహింపవచ్చును.

గుఱి తప్పక తప్పినవారు

ఇప్పుడు మొదటఁ జెప్పిన మువ్వురిని గూర్చి విచారింపవలెను. మొదటివాఁడు దశరథుఁడు. రామాయణము అయోధ్యాకాండమున మరణమునకు ముందు కౌసల్యతోఁ దన పూర్వకృత్యమును జెప్పుకొనుచు, శబ్దవేధి యని తనకుఁ గల కీర్తినే యనర్థమూలముగాఁ బేర్కొనును. వానకాలపు రాత్రి సరయూతీరమున నీరు నిండు కడవచప్పుడు విని యేనుఁగు నీరు త్రాగుచున్నదని తలఁచి బాణమును విడిచెను. బాణము గుఱికిఁ దగిలెను. తగిలినది మునికుమారునకు.

ఇచ్చటఁ గంచుపాత్రను స్మరింపవలెను. ధనుర్వేదకారులు శబ్దవేధమును నేర్పుటకుఁ బాత్రనే సాధనముగాఁ గొనిరి. దశరథునిఁ జెఱచినదియుఁ బాత్రశబ్దమే. ఆ యభ్యాసము శబ్ద మెచ్చటఁ బుట్టెనో నిశ్చయించుట నేర్పును. ఎవరివలనఁ బుట్టెనో నేర్పదు. అభ్యాసభూమిలో రెండవ ప్రశ్న పుట్టనే పుట్టదు. పాత్ర యుంచినవాఁడు తెలిసినవాఁడు, కొట్టినవాఁడు తెలిసినవాఁడు. అడవిలో రెండవ ప్రశ్నయే ముందు రావలెను. విద్య యెంత సంపూర్ణముగా వచ్చెనో యంత వేగముగా మొదటి ప్రశ్న కుత్తరము దొరకి, రెండవదాని కెడము లేకపోయెను. దశరథుని కీడు విద్య చాలకపోవుటవలనఁ గలిగినది కాదు.

రెండవవాఁడు పాండురాజు. సంగమించుచున్న మృగముల నైదు బాణములఁ గొట్టఁగా, మృగరూపమునఁ గ్రీడించుచున్న కిందముఁడను ముని శపించెను. ఆ ముని వాదము గమనింపఁదగినది. వేఁటాడుట రాజునకు దోషమని యతఁడనలేదు. సంగమకాలము ముగియువఱకు వేచియుండకపోవుటయే దోషమనెను. ఇచ్చట రూపము చక్కఁగాఁ గనఁబడినది, దూరము సరిపోయినది. వేళ తప్పినది. మూఁడవవాఁడు మౌసలపర్వమునందలి జర యను కిరాతుఁడు. యోగమునఁ బండియున్న కృష్ణుని మృగమని భ్రమించి యరికాలిని గొట్టెను. కొంత కనఁబడఁగా మొత్తమును దానే యూహించుకొనెను. చెవి, వేళ, సగముచూపు: మువ్వురి తప్పులును మూఁడు విధములు. ఫలము మాత్ర మొకటే. అపరాద్ధపృషత్కులని వీరి ననరాదు. ఏలయనఁగా బాణములు తప్పలేదు.

సోమదేవుని కోడిపుంజు

నాలవవాఁడు యశస్తిలకమునఁ గలఁడు. ఉజ్జయినీరాజగు యశోధరుఁడు దుస్స్వప్నశాంతికై తల్లియగు చంద్రమతి ప్రేరణచేఁ బ్రాణిని బలియిచ్చుట కొప్పుకొనక, పిండితోఁ జేసిన కోడిని నఱికెను. ఆ పాపమునఁ దల్లియుఁ గొడుకును బహుజన్మము లెత్తి, కడపటఁ గోళ్లై పుట్టిరి. యశోధరుని కుమారుఁడు యశోమతి తన శబ్దవేధనైపుణ్యమును రాణికిఁ జూపఁగోరి, కూసిన కోళ్లను శబ్దమునుబట్టి యొక్క బాణముతోఁ గొట్టెను. చచ్చినవారు తండ్రియు నాయనమ్మయు నని యతఁ డెఱుఁగఁడు. దశరథుఁడు పరాయివాని కుమారునిఁ జంపి పుత్రశోకమున మరణించెను. యశోమతి నైపుణ్యప్రదర్శనమునకై కన్నతండ్రినే చంపెను. వీరిద్దఱిని వంచించినది యొకే విద్య.

సోమదేవుని కథలో విలువిద్యాభ్యాసమునకు బలమైన యాక్షేప మొకటి గర్భితమై యున్నది. పిండికోడిని నఱకుటయే పాపమైనచో ద్రోణుని కొయ్యపిట్టను గొట్టుట యేల పాపము కాదు? రెండును బ్రతిమలే. అభ్యాసమందే హింసాబీజము గలదని జైనుఁ డనవచ్చును. దీనికి సమాధానము సంకల్పభేదమునఁ గలదు. యశోధరుఁడు పిండియందుఁ గోడిని భావించి, దాని వధవలనఁ బ్రయోజనమును గోరెను. అర్జునునకుఁ బక్షితల యొక గుఱి మాత్రమే. కాని యీ సమాధాన మభ్యాసభూమివఱకే చెల్లును. గుఱిగా మాత్రమే చూచు నీ చూపును విలుకాఁడు మార్పు లేక యడవికిఁ గొనిపోయినచో, ప్రాణియుఁ గొయ్యయైపోవును. యశోమతికిఁ గోడికూఁత కంచుపాత్రమ్రోఁతతో సమాన మయ్యెను. అభ్యాసమున నేదీ చూడకుండుట నేర్చినవాఁడు వేఁటలో మరల నన్నియుఁ జూచుట నేర్వవలెను. ఈ రెండవ పాఠమును గూర్చియే సోమదేవుని కథ హెచ్చరించుచున్నది.

అడవివారి విలువిద్య

ఈ రెండవ పాఠము రాజులకంటె నడవిలో బ్రదుకువారికిఁ జక్కఁగాఁ దెలిసియుండుట సహజము. భారతమున నేకలవ్యుఁడు నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుఁడు. మొఱుగుచున్న కుక్కనోట నేడు బాణములను నింపెను గాని దానిఁ జంపలేదు. కుక్క తిరిగి పాండవులయొద్దకుఁ బోయెను. ద్రోణుని మేటి శిష్యుఁడు చూచి వెఱఁగుపడినది యీ నేర్పునే. పరుగిడు బాణబలమును బ్రాణాపాయము గాకుండ నిలుపఁగల్గిన చేయి యది. ఆ చేతి బొటనవ్రేలినే గురువు దక్షిణగాఁ గొనెను. పిమ్మట నతఁడు తక్కిన వ్రేళ్లతో బాణము వేసెననియు, పూర్వపు వేగము లేకపోయెననియు భారతము చెప్పుచున్నది. తెలుఁగున పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందును, ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమునందును గన్నప్పకథ వెలసినది. వేఁటకానిచేతనే శివునకుఁ గన్ను నర్పింపించిన యీ కథను దెలుఁగువారు మిక్కిలి యాదరించిరి.

హైదరాబాదు సంస్థానమునందలి యాదిమజాతులను గూర్చి హైమెండార్ఫ్ పండితుఁడు రచించిన గ్రంథములలో మొదటిది చెంచులను గూర్చినది. అది 1943లో వెలువడెను. మూఁడవది యాదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లో వచ్చెను. నల్లమలలోని చెంచులకు విల్లమ్ములు పరంపరగా వచ్చిన సాధనములు. విల్లుతో వేఁటాడువాఁడు దూరపు గుఱిని గోరఁడు. గాలిదిక్కు నెఱిఁగి, అడుగుజాడలనుబట్టి, చప్పుడు లేక సమీపించి, కష్టమైన గుఱిని సులభము చేసికొనును. రాజు దూరమును బెంచి నేర్పును జూపఁగా, బోయవాఁడు దూరమును దగ్గించి నేర్పును జూపును. ఆకలి తీర్చుకొనవలసినవాని కొక్క బాణము తప్పినను నష్టమే. గాయపడి పాఱిపోయిన మృగ మెవరికిని గాకుండఁ బోవును. అందుచే కఠినలక్ష్యము నభ్యసించుట యొకటి, అడవిలోఁ గఠినలక్ష్యమును వేయఁబూనుట వేఱొకటి. మొదటిది రెండవదానిని దప్పించుటకే యుపకరింపవలెను. వాలునను, కొమ్మలనడుమను, చీఁకటివేళను దన చేయి యెంతవఱకు నమ్మఁదగినదో యభ్యాసమున నెఱిఁగినవాఁడు, ఆ మేర దాఁటినప్పుడు విల్లు దింపఁగలఁడు. ఎఱుఁగనివాఁడు దింపలేఁడు.

ఉపసంహారము

కాల మిప్పుడు మాఱినది. బోధన సమీపమున 1937లో నెలకొని చెఱకుపంటకుఁ బేరుదెచ్చిన నిజాము చక్కెరకర్మాగారము 2015లో మూఁతపడెను. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరపు జలరాశి గోదావరీతీరపు రూపమునే మార్చినది. 1972 వన్యప్రాణిసంరక్షణచట్టమును, దాని 1991 సవరణయు వినోదార్థమైన వేఁటకుఁ దావు లేకుండఁ జేసినవి. విల్లు మాత్రము విడువఁబడలేదు. విజయవాడకుఁ జెందిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలందు మూఁడు స్వర్ణపతకములను గెలుచుకొనెను. మృగము తొలఁగిపోయి గుఱి మాత్రము నిలిచినది. ద్రోణుని కొయ్యపిట్టయే నేఁటి విలువిద్యకు సర్వస్వము.

వేఁటతోఁ బాటు దాని వివేకముకూడ గతించినదని తలఁపరాదు. కాళిదాసు రఘువంశ నవమసర్గమున దశరథుని వేఁట నెట్లు కూర్చెనో చూడవలెను. ఆ సర్గ చివరనే శబ్దవేధవృత్తాంతము గలదు. వన్యగజమును గొట్టుట రాజునకు నిషిద్ధమైయుండఁగా దశరథుఁడు దాని నతిక్రమించెనని కవి యచ్చటఁ జెప్పెను. కాని యదే సర్గమున దానికి ముందు వేఱొక సన్నివేశము కలదు. దశరథుఁడు జింక నొకదానిని గుఱిచూచి, నారిని జెవివఱకు లాగెను. అంతలో దాని సహచరి నడుమ వచ్చి, తన దేహముతో మగజింకను గప్పి నిలిచెను. రాజు దానిని జూచి కరుణించి, లాగిన బాణమును మరల దింపెను.

ఒకే సర్గమున, ఒకే రాజు, ఒకే విల్లు. చూచినప్పుడు బాణమును నిలిపెను. విన్నప్పుడు విడిచెను. చెవివఱకు లాగిన నారిని వడఁకక పట్టి, ఎదుటనున్నది యేదో నిశ్చయమగువఱకు నిలుపుటకును దినమునకు నాలుగువందల బాణములు వేసిన భుజబలమే కావలెను. బలహీనుఁడు నిలుపలేక విడుచును. పోదనదేశపు కవు లిద్దఱిలోఁ బంపఁడు గుఱి తప్పని చేతిని గీర్తించెను. సోమదేవుఁ డా చేతివలనఁ గలుగఁదగిన కీడును జెప్పెను. ఆ రెంటిని గలిపి నేర్చినవాని శ్రమకే, అమరసింహుఁడు చెప్పిన యుపాసనశబ్దము నిండుగా నన్వయించును.